ఆసనం మీది పల్లం

బుధిలాచార్యుడికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవాడు కాదు. "చూద్దాం నాయనా" అనేవాడు. ఆ చూడడం ఒక్కోసారి పక్షం పట్టేది, ఒక్కోసారి ఋతువు మారిపోయేది. ఒక్కోసారి అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయి, వేరే ఆరామానికి వెళ్ళి, అక్కడ ముసలివాడయ్యేదాకా సాగేది. చైత్రంలో అడిగితే కార్తీకంలో చెబుతాడనీ, అది ఏ ఏటి కార్తీకమో మాత్రం ఆయనకే తెలియాలనీ కుర్ర భిక్షువులు చాటున నవ్వుకునేవారు. మనిషికి కోపం ఎందుకు వస్తుందని ఒకడు అడిగాడట. మరుసటి ఏడు అతను, భిక్షాపాత్ర పగలగొట్టిన తోటివాడి మీద గొంతు చించుకుని అరుస్తుంటే, ఆచార్యుడు వెనకనుంచి వచ్చి, "ఆమధ్య నన్నేదో అడిగావు" అని తన దారిన తాను వెళ్ళిపోయాడట. ఆయన జవాబులన్నీ ఇలా మలుపులో ఎదురుపడేవే.

ఇప్పుడు చెప్పబోయేది అలాంటి జవాబుల్లోకెల్లా ఖరీదైనది. ఆ ఖరీదు అడిగిన శిష్యుడూ కట్టలేదు, ఆలస్యం చేసిన గురువూ కట్టలేదు. కట్టిన మనిషి వాళ్ళని ఏ ప్రశ్నా అడిగి ఎరగదు.

కృష్ణ ఒడ్డున వాళ్ళుండే ఆరామంలో ఒక పెద్ద చైత్యం ఉండేది. లోపలంతా ఇటుక దిబ్బ, దాని చుట్టూ నిలువెత్తు పలనాటి తెల్లరాతి పలకలు. ప్రతి పలక మీదా బొమ్మలు. గుర్రం మీద ఎవరూ ఉండరు, కాని గుర్రానికి గొడుగు పట్టి నడుస్తుంటారు. చెట్టు కింద ఎవరూ ఉండరు, కాని చెట్టు ముందు రాజులు సాగిలపడి ఉంటారు. ఆసనం ఖాళీగా ఉంటుంది, దాని ముందు రెండు పాదాల గుర్తులు, అటూ ఇటూ చేతులు జోడించిన జనం. ఆనాటి శిల్పులు బుద్ధుణ్ణి చెక్కమంటే బుద్ధుడు తప్ప అన్నీ చెక్కారు. అలా ఎందుకు చేశారో చెప్పి పోయినవాళ్ళు లేరు. అప్పట్లో అది అందరికీ తెలిసిన సంగతే గనక, ఎవరూ అడిగి ఉండరు.

పలకలు ఎండకు ఎండి వానకు తడిసి అరిగిపోతుంటాయి. కొత్త రాయి తెప్పించడం మాటలు కాదు. గని ఎగువన ఎక్కడో ఉంది, ఏట్లో నీళ్ళు సమంగా ఉన్నప్పుడే తెప్పల మీద దిగాలి. అందుకని అక్కడి శిల్పులకు తాతలనాటి ఆనవాయితీ ఒకటి ఉండేది. అరిగిన పలకను ఊడదీస్తారు. తిరగేసి, నున్నగా ఉన్న వెనకవైపున కొత్త బొమ్మ చెక్కుతారు. పాత బొమ్మను దిబ్బకేసి నిలబెట్టి మట్టీ సున్నమూ కూరేస్తారు. ముఖం తిప్పుకోవడం మనుషులకే చేతనవుననుకుంటాం. ఆ చైత్యం మీద రాళ్ళకు కూడా అది తప్పేది కాదు.

ఈ పనులన్నీ చూసుకునే భిక్షువును నవకర్మికుడు అనేవారు. కట్టుబడి పనికి పెద్ద అన్నమాట. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. సన్యాసికి రెండోది ఎలాగూ తప్పింది, మొదటిది మాత్రం మూలసిరి నెత్తిన పడింది. మూలసిరి వయసులో చిన్నవాడే గాని పనిలో గట్టివాడు. ఏ రాయి ఎక్కడ బీట ఇచ్చిందో, ఏ వాన ఎటు కొడుతుందో చూసి పెట్టుకునేవాడు. కుదురైన మనిషి, కోపం లేనివాడు. అతనికి ఉన్న బాధ ఒక్కటే, అది ఎవరికీ చెప్పుకునేది కాదు.

నడక సరిగ్గా రాని వయసులో తల్లి పోతే, మేనమామ అతన్ని తెచ్చి ఆరామంలో వదిలాడు. తల్లి ముఖం మూలసిరికి గుర్తులేదు. ఎంత తలుచుకున్నా రాదు. కళ్ళు మూసుకుంటే ఒక ఒడి గుర్తొస్తుంది, కాళ్ళ మధ్య చీర జారిన పల్లంలో తాను పడుకున్నట్టు, పైనుంచి ఒక చెయ్యి వీపు మీద పడుతున్నట్టు. తల ఎత్తి పైకి చూడబోతే అక్కడ ఏమీ ఉండదు. ధ్యానానికి కూర్చున్నప్పుడల్లా అతను మొదట చూసేది ఆ లేని ముఖాన్నే. లోకంలో అందరికీ తలుచుకోవడానికి ఒక ముఖం ఉంది, నాకే లేదనుకునేవాడు.

ఆ రోజుల్లో ఉత్తరాది నుంచి కొత్త పని వచ్చింది. అక్కడి శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా, కళ్ళూ చెవులూ చిరునవ్వూ పెట్టి చెక్కుతున్నారని బాటసారులు చెప్పారు. ఏటికి అవతల శివాలయం వాళ్ళు సైతం లింగానికి ముఖం చెక్కించుకుంటున్నారని పడవలవాళ్ళు కబురు మోసుకొచ్చారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత. జనం చైత్యానికి వచ్చి, ఖాళీ ఆసనాలకు దండం పెట్టి, "మరి స్వామేడీ?" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా మూలసిరికి అది తన మాటేననిపించేది.

వేసవి చివర ఒక సాయంత్రం అతను ఆచార్యుడి దగ్గరకు వెళ్ళాడు. ఆయన తులసి మొక్కల మొదట్లో నీళ్ళు పోస్తున్నాడు.

"భంతే, మన పెద్దలు ఆసనం చెక్కారు, పాదాలు చెక్కారు, గొడుగు చెక్కారు. ముఖం మాత్రం చెక్కలేదు. చేతకాకనా?"

"చేతకాకపోవడం అయ్యుండదు. ఆ గుర్రాలను చూశావుగా."

"మరెందుకు వదిలేశారు? ముఖం లేని చోట మనిషి ఎవరికని మొక్కుకోవాలి?"

ఆచార్యుడు చెంబు దించి అతనికేసి చూశాడు. ఆయన దగ్గర ఆ క్షణాన ఒక జవాబు సిద్ధంగానే ఉంది. కాని అలవాటు ఊరుకోదు.

"చూద్దాం నాయనా" అన్నాడు.

మూలసిరి చూస్తూ కూర్చునే మనిషి కాదు. వానలు పడేలోగా పలక ఎంచుకోవాలి, భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఆరామంలోనే ఉండే వర్షావాసం రోజుల్లో పని ముగించాలి. చైత్యం చుట్టూ తిరిగి ఒక్కొక్క పలకనూ తట్టి, తడిమి చూశాడు. ఈశాన్యం వైపు పలక దగ్గర ఆగాడు. దాని మీద కూడా ఖాళీ ఆసనమే, మీద దిండు, వెనక చెట్టు, పక్కన జనం. తక్కిన పలకల్లో దిండు ఉబ్బుగా, గుండ్రంగా ఉంటుంది. ఈ పలకలో దిండు నడుమ కిందికి దిగిపోయి ఉంది. నిమిరి చూస్తే ఆ పల్లం అద్దంలా నునుపు తేలింది. రాయి బాగా అరిగిపోయిందనీ, ఇంకో నాలుగు వానలకు ఆసనమే కరిగిపోతుందనీ అతను తేల్చుకున్నాడు. తేల్చుకుని సున్నంతో గుర్తు పెట్టాడు. చైత్యం మొత్తం మీద అంతకన్నా అరిగిన పలకలు లేకపోలేదు. కాని అరుగుదలకు కారణం వానేనని అనుకునేవాడికి, దిండు నడుమ మాత్రమే వాన ఎందుకు కురుస్తుందన్న అనుమానం రాలేదు.

ఆ పలక దగ్గరకు పున్నమికొక ముసలామె వస్తుందని కూడా అతనికి తెలుసు. ఏటికి అవతల రెల్లుపాడు ఆమెది, పేరు కన్నమ్మ. పడవ దిగి వచ్చి, చైత్యానికి ప్రదక్షిణం చేసి, ఈశాన్యం మూల ఆగి, ఆసనం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. పోయేముందు కొంగు ముడి విప్పి నాలుగు పేలాలు ఆసనం అంచున పెట్టేది. ఆమె మలుపు తిరగకముందే పిచ్చుకలు వచ్చి వాటిని తినిపోయేవి. ఇలాంటి భక్తులు ప్రతి మూలకూ ఒకరుంటారు. స్వామికి ముఖం వస్తే ముందుగా సంతోషించేది ఈ ముసలామేనని మూలసిరి నిజంగా అనుకున్నాడు. అందులో కల్మషం లేదు. కల్మషం లేకుండా చేసిన పనులకే మనం ఎక్కువ ఏడుస్తాం, ఎందుకంటే తిట్టడానికి ఎవరూ దొరకరు.

వానలు పడ్డాయి. కృష్ణ పొంగి రెండు గట్లూ ఒరుసుకుని పారింది. పడవలు కట్టేశారు, అవతలి ఒడ్డు జనం అవతలే ఉండిపోయారు. ఆ వానల్లోనే పలకను ఊడదీసి, పాకలోకి చేర్చి, తిరగేశారు. ఉత్తరాదిలో పని నేర్చుకొచ్చిన ఒక శిల్పి చెక్కడానికి కూర్చున్నాడు. అన్నిటికన్నా ఆఖరున బొమ్మకు కళ్ళు చెక్కాడు. ఆ ముఖం నిజంగా బాగుంది. ఇది ఒప్పుకుని తీరాలి, లేకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. సగం వాలిన రెప్పలు, ఏదో అనబోయి ఊరుకున్న పెదవులు. మూలసిరి దాని ముందు నిలబడి, చిన్నప్పటినుంచీ ఎవరి ముందూ ఏడవనివాడు, ఉత్తరీయం అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఇంక తలెత్తితే పైన ఒక ముఖం ఉంటుంది.

పలకను తిరిగి నిలబెట్టేటప్పుడు, పాత బొమ్మ ఎత్తులు చెక్కేస్తే పలక దిబ్బకు బాగా ఆనుతుందని పనివాళ్ళు అన్నారు. మూలసిరి ఒప్పుకోలేదు. "పెద్దల పని. ఉలి పెట్టకండి. సందుల్లో మట్టి కూరండి చాలు" అన్నాడు. అంతవరకు అతనికి తోచింది.

వర్షావాసం ముగిసిన పున్నమి నాటికి ఏరు తీసింది. పడవలు విప్పారు. మొదటి పడవలోనే కన్నమ్మ వచ్చింది.

మూలసిరి ఆమె కోసమే కాచుకుని ఉన్నాడని చెప్పినా తప్పులేదు. ఆమె ప్రదక్షిణం మొదలుపెట్టింది. ఈశాన్యం మూల దాటి వెళ్ళిపోయింది. కొంచెం దూరం పోయి ఆగింది, వెనక్కి తిరిగి చూసింది, మళ్ళీ నడిచింది. చుట్టంతా తిరిగి మళ్ళీ ఈశాన్యానికి వచ్చింది. ఈసారి పక్క పలకలను చేత్తో తడిమింది. అవి ఉన్నాయి. నడుమది మాత్రం వేరుగా ఉంది. తన ఇంటి వీధిలోనే దారి తప్పినదానిలా ఆమె అటూ ఇటూ చూస్తుంటే, అతను నవ్వుతూ దగ్గరకు వెళ్ళాడు.

"చోటు ఇదే ఉపాసికా. పలక కొత్తది. స్వామి వచ్చాడు, చూడు."

కన్నమ్మ తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"సల్లగా ఉన్నాడయ్యా" అంది. "ఎంత బాగా సెక్కారు! మా ఆయన ఉంటే ఇక్కణ్ణించి కదిలేవాడు కాదు. ఆయనదీ ఈ పనే."

"సంతోషమేనా?"

"సంతోషం కాకేంది. సామి కళ్ళారా కనపడుతుంటే." అని ఆమె చెయ్యెత్తింది. ఎప్పుడూ ఆనించే ఎత్తుకే చెయ్యి వెళ్ళింది. అక్కడ ఇప్పుడు స్వామి మోకాలు ఉంది. చెయ్యి గాలిలోనే ఆగి, వెనక్కి వచ్చి కొంగు పట్టుకుంది. "మరి ఎనకటిది ఏం జేశారయ్యా?"

"ఎక్కడికీ పోలేదు. దీని వెనకే ఉంది, దిబ్బవైపు. ఉలి కూడా తగలనివ్వలేదు."

"లోపలుందా."

"లోపలే ఉంది."

"అయితే సరే" అంది కన్నమ్మ. వంగి దండం పెట్టింది. కొంగు ముడి మీద వేళ్ళు పెట్టి, విప్పబోయి, విప్పకుండానే రేవుకేసి నడిచింది.

బుధిలాచార్యుడు గుమ్మం దగ్గర కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. మూలసిరి తిరిగి వస్తుంటే పిలిచాడు.

"ఆమె పేలాలు పెట్టలేదేం?"

"మరిచిపోయి ఉంటుంది భంతే."

"ఏళ్ళ తరబడి మరవనిది ఈ పూటే మరిచిందా? వెళ్ళి ఆమెను రేవు దాకా దిగబెట్టి రా. ఆడమనిషి పక్కన నడవకూడదని నియమం ఉందిగా, నాలుగడుగులు వెనకే నడు. నువ్వేమీ బోధించకు."

మూలసిరి వెళ్ళాడు. రేవు దారికి రెండు పక్కలా రెల్లు పూసి తెల్లగా ఉంది. ముందు కన్నమ్మ, వెనక అతను. ఆమె నడుము కొంచెం వంగి ఉంది, మెడ మీద నెరిసిన వెంట్రుకలు చిన్న ముడిగా ఉన్నాయి. ఆమె ముఖం అతనికి కనబడదు. అడుగుల చప్పుడు విన్నా, ఎవరని ఆమె అడగలేదు. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"తమరు దిగబెట్టడానికి రావాలా అయ్యా, పడవ దారి నాకు తెలవదా?"

"ఆచార్యులవారు పంపారు. ఉపాసికా, మనసు కష్టపెట్టుకున్నావా?"

"లేదయ్యా."

కొంతదూరం అలాగే నడిచారు. తరువాత ఆమె, పొలం సంగతో పాడి సంగతో చెబుతున్నట్టుగా చెప్పుకుపోయింది.

"ఆ పలక మా ఆయన సెక్కిందే. ఇక్కడ పాకలో పడుకోబెట్టుంటే ఆయన పక్కన కూచుని సెక్కేవాడు. నేను కూడు తెచ్చేదాన్ని. మా ముత్తి నాతో వచ్చేది. పాలపళ్ళు ఊడే ఈడు దానికి. వచ్చిందంటే ఒక చోట నిలవదు, పోయి ఆ రాతి నడుమ ఎక్కి కూచునేది, ఒళ్ళో పేలాలు పోసుకుని. దిగవే, పని సాగనియ్యవే అని ఆయన అరిచేవాడు. అరిచి, అది తిన్నంతసేపూ పక్కన అంచు సెక్కుకునేవాడు. రాతి నడుమ మటుకు సెక్కకుండా మిగిలిపోయింది."

రెల్లు గాలికి ఊగింది. ఆమె కొంగు సర్దుకుంది.

"ఆ ఏడు ఇసజొరాలు వచ్చినై. మూడో నాటికి పిల్ల లేదు. ఆయన శానా నాళ్ళు పాక మొగం చూళ్ళేదు. తరవాత ఒక పొద్దున లేచి పోయి, ఆ నడుమ ఆసనం సెక్కి, దిండు పెట్టాడు. అందరూ దిండు ఉబ్బుగా సెక్కుతారా, ఆయన పల్లంగా సెక్కాడు. ఇదేందిరా, ఎవరో కూచుని లేచినట్టుంది అని పెద్ద శిల్పి అన్నాడంట. ఈయన మాట్లాడలేదంట. పెద్ద శిల్పీ ఇంకేం అనలేదంట. ఆయనకూ బిడ్డలున్నారు."

మూలసిరి నడక ఆగిపోయింది. అరిగిందని తాను సున్నపు గుర్తు పెట్టిన పల్లం అతని కళ్ళ ముందు నిలిచింది. అది వాన తొలిచింది కాదు, అరుగుదల కాదు. అంత నునుపు దేనివల్ల వచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది. అన్ని పున్నముల చెయ్యి అది.

అతను గబగబా నాలుగడుగులు వేసి, నియమం గుర్తొచ్చి మళ్ళీ వెనక నిలబడ్డాడు.

"తిప్పిస్తాను" అన్నాడు. "రేపే ఊడదీయిస్తాను. మీ పలక మీకు కనబడేట్టు మళ్ళీ నిలబెట్టిస్తాను."

"తప్పు తప్పు. సామి మొగాన్ని మట్టిలోకి పెడతారా? నా కోసమా? ఆ పాపం నాకొద్దు."

"మరి, మరి ఆయన కూర్చున్నా, ఆసనం ఉంది కదా అమ్మా, అక్కడే మీ పిల్లను..."

ఆమెను అంతవరకు అతను ఉపాసికా అనే పిలిచాడు. ఏ స్త్రీనీ అమ్మా అని పిలవలేదు. తాను ఏమని పిలిచాడో అతనికే తెలియలేదు. కన్నమ్మకు తెలిసిందేమో, ఒక్క క్షణం ఆగింది. ఆగి, వెనక్కి తిరగకుండానే, మెల్లగా నవ్వింది.

"ఎవరూ కూచోలేదు గనక మా పిల్ల కూచునేది నాయనా. ఇప్పుడు పెద్దాయన కూచున్నాడు. పెద్దలు కూచున్న చోట కూచోగూడదని దానికి నేర్పింది నేనే. చెబితే ఇనేది. నోటితో ఒక్కసారి చెబితే చాలు, టక్కున లేచి నిలబడేది."

రేవు కనబడుతోంది. పడవవాడు తెడ్డు పుచ్చుకుని నిలబడ్డాడు. మూలసిరికి అడగాలని ఒక మాట ఉంది, అది ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేడు.

"అమ్మా, ఆ పిల్ల ముఖం నీకు గుర్తుందా?"

"మొగమా?" కన్నమ్మ ఆలోచించింది. నిజంగానే వెతుక్కుంది. "అది ఎప్పుడో పోయిందయ్యా. ముక్కు ఎట్టా ఉండేదో కూడా చెప్పలేను. కూచునే తీరు మటుకు ఉంది. ఆ పల్లంలో చెయ్యి పెడితే తెలిసేది, ఇంతలావు పిల్ల, ఇంత బరువు అని."

ఆమె పడవ ఎక్కింది. పడవ నడి ఏటికి పోయాక కొంగు ముడి విప్పి పేలాలు నీళ్ళలో వదిలింది. చేపలు తిన్నాయో, ఏరు పట్టుకుపోయిందో, ఒడ్డునుంచి కనబడలేదు.

మూలసిరి ఆ సాయంత్రం ధ్యానానికి కూర్చున్నాడు. కొత్త ముఖం కళ్ళ ముందుకు రాలేదు. తల్లి ఒడి వచ్చింది, చీర జారిన ఆ పల్లం వచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని దాటి పైకి, లేని ముఖం కోసమే చూశాడు. తనకు మిగిలింది ఏమిటో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు సంతోషించాలో, ఇంకొకరికి మిగిలిన అలాంటిదాన్నే మట్టిలో పాతిపెట్టినందుకు ఏడవాలో తోచలేదు. చేతులు కాలాక పట్టుకోవడానికి అతనికి ఆకులు కూడా దొరకలేదు. ఏడ్చాడు. ఈసారి ఉత్తరీయం నోట్లో కుక్కుకోలేదు.

కార్తీక పున్నమి వచ్చింది. మూలసిరి పొద్దున్నించీ రేవులోనే ఉన్నాడు. పడవలు వచ్చాయి, కన్నమ్మ రాలేదు. మార్గశిర పున్నమికీ రాలేదు. చైత్యానికి మాత్రం జనం ఎప్పుడూ లేనంతగా వస్తున్నారు. ఈశాన్యం మూల పూలు కుప్పలు పడుతున్నాయి. స్వామి ముఖం చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు, మనసు కుదుటపడి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళ సంతోషం దొంగది కాదు. నవకర్మికుడు గొప్ప పని చేశాడని అందరూ మెచ్చుకుంటున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ అతను తల వంచుకుని అక్కణ్ణించి తప్పుకుంటున్నాడు. పిచ్చుకలు కొన్నాళ్ళు ఆ మూల ఎగిరి ఎగిరి చూసి మానేశాయి.

మూడో పున్నమి నాడు అతను పడవవాణ్ణి ఆపి అడిగాడు.

"రెల్లుపాడు కన్నమ్మకు ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందయ్యా. గేదెల్ని తోలుకుంటా రోజూ ఏటి గట్టునే కనపడద్ది. రావే అవ్వా, పున్నమి గదా అంటే, ఇంక నాకు అక్కడ ఎవరున్నార్రా అంది."

మూలసిరి తిన్నగా ఆచార్యుడి దగ్గరకు వెళ్ళాడు. ఆయన ఎండలో కూర్చుని ఉన్నాడు. చలికాలం గనక తులసి కొంచెం వాడింది. అతను వెళ్ళి ఎదురుగా కూర్చుని, పడవవాడి మాట చెప్పాడు, రేవు దారిలో విన్నదంతా చెప్పాడు, దిండు మీది పల్లం సంగతి చెప్పాడు.

"భంతే, వేసవిలో నేను మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాను."

"అడిగావు. నా దగ్గర జవాబు కూడా ఉండింది. ఆరిపోయిన దీపానికి ఆకారం ఏమని చెక్కుతారు, అందుకే వదిలేశారు అని చెబుదామనుకున్నాను. మంచి మాటే. మా గురువుగారు చెప్పిన మాట." ఆయన చేతిలో ఉన్న ఎండుటాకును తిప్పుతూ ఉన్నాడు. "నేను కూడా ఆ ఆసనం ఖాళీ అనే అనుకున్నాను మూలసిరీ."

ఆచార్యుడి నోట అలాంటి మాట అతను ఎన్నడూ వినలేదు. ఆయన ముఖం వంక చూశాడు. ఆ రోజు ఆయన చాలా ముసలివాడిలా ఉన్నాడు.

"ఆ పలకను మళ్ళీ తిప్పించమంటారా? ఆమె వద్దంది. జనం ఊరుకోరు. అయినా మీరు ఊఁ అంటే నేనే స్వయంగా ఊడదీస్తాను. లోపల చెక్కుచెదరలేదు, ఉలి తగలనివ్వలేదు. తిప్పితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది."

బుధిలాచార్యుడు ఈసారి "చూద్దాం" అనలేదు.

"పలకదేముంది నాయనా, తిప్పితే తిరుగుతుంది. లేచి నిలబడ్డ పిల్లను ఎవరు కూర్చోబెడతారు?"